ఐదో గడి

ఆరో రోజు కూడా జాకబ్ భార్యతో మాట్లాడలేదు.

మాట్లాడలేదంటే నోరు కట్టేసుకున్నాడని కాదు. "అమ్మా, బాక్సులో పెరుగు వద్దని చెప్పు" అన్నాడు, పెర్సిస్ పెరుగు గిన్నె పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే. మంచం మీద పడుకున్న సుగుణ ఆ మాట అందుకుని, "పెరుగు వద్దంటున్నాడమ్మా" అని కోడలికి అందించింది. పెర్సిస్ పెరుగు తీసేసి బాక్సుకు మూత పెట్టింది. ఆ ఇంట్లో ఆరు రోజులుగా మొగుడూ పెళ్లాల మధ్య ఏ మాటయినా ఆ మంచం మీదుగా వెళ్లాల్సిందే.

అతను తాడేపల్లిగూడెంలో లెక్కల మాస్టారు. ఏలూరు నుంచి రోజూ పాసింజరు బండిలో వెళ్లివస్తాడు. శనివారం ఒంటిపూట బడే అయినా సాయంత్రం బండికి గానీ రానన్నాడు. అదీ తల్లికే చెప్పాడు.

గేటు పడిన చప్పుడు విన్నాక పెర్సిస్ చేతులు కడుక్కుని డ్రెస్సింగ్ సామాను తెచ్చుకుంది. ఆడపడుచు సలోమి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇవాళ తానూ చూస్తానంది. పెర్సిస్ సరేనంది. వద్దనడానికి కావలసిన ఓపిక కూడా ఆమెలో లేదు.

సుగుణను ఎడమ పక్కకు ఒత్తిగిలించి, కాళ్ల మధ్య దిండు పెట్టి, పాత కట్టు మెల్లగా విప్పింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయి ఇరవై మూడు రోజులు. ఎముక చక్కగా అతుకుతోందని డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని మెచ్చుకున్నాడు. ఎముక సంగతి సరే. నడుం దిగువన, వెన్నెముక ముగిసేచోట, అరచెయ్యంత పుండు. మనిషిని ఒకే తీరున కదపకుండా పడుకోబెట్టి ఉంచితే పడే పుండు అది. పెర్సిస్ పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆసుపత్రిలో, ఆమె ఇన్‌చార్జిగా ఉన్న వార్డులో, ఏడో నంబరు మంచం మీద, ఆమె సొంత అత్తగారికి పడింది.

సెలైన్‌తో కడుగుతున్నంతసేపూ సుగుణ కదల్లేదు. నొప్పిగా ఉందా అని పెర్సిస్ అడిగింది. లేదమ్మా అంది సుగుణ. ఆసుపత్రిలోనూ ఇదే మాట అనేది.

"ఇప్పుడు ఎన్ని గంటలకోసారి తిప్పుతున్నావొదినా?" అంది సలోమి.

"రెండు గంటలకోసారి."

"అది చేస్తున్నదా, రాస్తున్నదా?"

పెర్సిస్ కొత్త గుడ్డ మడత పెట్టి పుండు మీద వేసి ప్లాస్టరు అంటించింది. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం చూసింది. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. ఆరు రోజులుగా ఆమె లోపల ఇదే వరస.

"సలోమీ, ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా" అంది సుగుణ, గోడవైపే చూస్తూ.

ఆసుపత్రి ఫైలు జిరాక్సు తీయించింది సలోమే. తల్లిని విజయవాడలో ఇంకో డాక్టరుకు చూపించాలని తీయించి, దారిలో బస్సులో కూర్చుని ఒక్కో కాగితమూ తిరగేసింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివింది. రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడమైనది, చర్మం ఎక్కడా చెడలేదు, అనుకున్న ఫలితం నెరవేరినది అని ఉంది. ఆ తేదీకి తల్లి నడుం మీద పుండు నోరు తెరుచుకుని ఉంది. సలోమికి ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఆసుపత్రికి వెళ్లి, మా అమ్మను తిప్పకుండా వదిలేసి తిప్పామని రాసిన నర్సెవరో తేల్చండి అని అర్జీ ఇచ్చి మరీ ఇంటికొచ్చింది. వచ్చాక ఆ కాగితం అన్న చేతిలో పెట్టింది.

కింద సంతకం గిలికినట్టుంది గానీ, రాతను జాకబ్ గుర్తుపట్టాడు. పెళ్లికి ముందు ఏడాదిపాటు అదే రాతలో ఉత్తరాలు అందుకున్న మనిషి గుర్తుపట్టక ఏం చేస్తాడు?

అర్జీ వెనక్కి తీసుకోమని సలోమిని ఎవరూ అడగలేదు. అడిగినా తీసుకోనని ఆమే ముందుగా చెప్పేసింది. సలోమి ఉండి అనే ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని తూచే తీరిక లేక, పోయిన నెల బరువుకు వంద గ్రాములు కలిపి రిజిస్టరులో వేసిన నెలలు ఆమెకూ ఉన్నాయి. ఆ సంగతి ఆమెకిప్పుడు గుర్తురాలేదు. అవి ఊళ్లో పిల్లల బరువులు, ఇది కన్నతల్లి నడుము. ఎవరికైనా అంతే.

* * *

ఇంతకీ ఆ కాగితంలో ఉన్నవి ఐదు గడులు.

మొదటి గడిలో రోగిని చూసి, తాకి, అడిగి, ఎలా ఉన్నాడో రాయాలి. రెండో గడిలో, చూసినదాన్నిబట్టి వచ్చిన ఇబ్బందో రాబోయే ఇబ్బందో తేల్చాలి. మూడో గడిలో ఏం చేద్దామనుకుంటున్నారో, నాలుగో గడిలో ఏం చేశారో. ఐదో గడిలో, చేశాక మళ్లీ రోగి దగ్గరికి వెళ్లి చూసి, ఏమైందో. నర్సింగ్ ప్రాసెస్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, పసిబిడ్డ ఏడిస్తే తల్లి చేసే పని కూడా ఇంతే. చదువుకునే రోజుల్లో పెర్సిస్ ఈ ఐదు గడుల్నీ నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పేది. ఆమె కేసు పుస్తకాన్ని కాలేజీలో తర్వాత వచ్చిన మూడు బ్యాచ్‌లు చూసి రాసుకున్నాయి.

వార్డులో అడుగుపెట్టిన మొదటి నెలలోనే ఆ గడులు అటకెక్కాయి. నలభై మంచాలకు పగలు ముగ్గురు, రాత్రి ఇద్దరు. ఇంజెక్షన్లు, సెలైన్లు, రౌండ్లు, ఆపరేషన్ థియేటరు నుంచి ఫోన్లు. ఒళ్లు తుడవడం, తిప్పడం, తినిపించడం రోగి తాలూకు వాళ్లే చూసుకుంటారు, లేకపోతే ఆయాలు చూసుకుంటారు. ఆ ఐదు గడుల కేర్ ప్లాన్ కాగితం ఫైలులో ఖాళీగా వచ్చి ఖాళీగా పోయేది. డాక్టరు దాన్ని తిరగేసిన పాపాన పోలేదు. అది చదువుకునే పిల్లలు మార్కుల కోసం రాసేదని పెర్సిస్ నమ్మింది. పదకొండేళ్లు నమ్మాక అది నమ్మకం అన్న సంగతి కూడా మర్చిపోయింది.

అలాంటిది, ఆసుపత్రికి నాణ్యత సర్టిఫికెట్ ఇచ్చే బృందం వస్తోందని కబురొచ్చింది. వాళ్లు ముందుగా చూసేది కేర్ ప్లాన్లేనట. ఆరు నెలల ఫైళ్లు, మూడు రోజుల గడువు. నర్సుల్ని వార్డుల్లోంచి పిలిచి రికార్డు గదిలో కూర్చోబెట్టారు. పెర్సిస్ రాత ముత్యాల్లాంటిది కాబట్టి ఫెయిర్ చేసే పని ఆమెకు పడింది. ఇళ్లకు వెళ్లిపోయినవాళ్లవి, చనిపోయినవాళ్లవి, ఇంకా మంచాల మీద ఉన్నవాళ్లవి, అన్నీ ఆమె రాసింది. మొదట ఐదో గడి నింపేది. నెరవేరినది అని ముందు అన్నింటికీ వేసుకుంటే తర్వాత మిగతావి త్వరగా తెమిలేవి.

ఆ మూడు రోజుల్లో ఒక కాగితం సుగుణది.

* * *

పది గంటలకు నర్సింగ్ సూపరింటెండెంట్ లక్ష్మీకాంతం రమ్మంటే పెర్సిస్ వెళ్లింది. ఆవిడది ముప్పై ఏళ్ల సర్వీసు. మోకాళ్ల నొప్పుల వల్ల కుర్చీలోంచి లేవడం తగ్గించి, కూర్చున్నచోటి నుంచే ఆసుపత్రిని నడపడం అలవాటు చేసుకుంది. చెడ్డమనిషి కాదు. పెర్సిస్ రెండు కాన్పులూ పోయినప్పుడు, ఎవరికీ చెప్పకుండా నెలన్నర పగటి డ్యూటీలు వేసింది ఆవిడే.

సలోమి అర్జీ, పెర్సిస్ రాసిన కేర్ ప్లాన్, వార్డు డ్యూటీ చార్టు, మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి. లక్ష్మీకాంతం తాపీగా చెప్పుకొచ్చింది. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నది పెర్సిస్ కాగితాలనే. మూడో గడిలో పెర్సిస్ రాసిన ప్లాన్ అక్షరాలా సరైనది. రెండు గంటలకోసారి తిప్పమని రాసింది. లోపం ఉంటే నాలుగో గడిలో ఉంది, చేయాల్సినది చేయకపోవడంలో. ఆ మూడు రోజులూ చార్టు ప్రకారం ఆ మంచాల దగ్గర డ్యూటీ కొత్త నర్సు జెస్సీది. జెస్సీ చేశానని నోటితో చెబితే ఇన్‌చార్జి నమ్మి రాసింది. అంతే.

"మేడమ్, జెస్సీని గీతలు కొట్టడానికి రికార్డు గదిలోకి పిలిచింది నేనే కదండీ."

"పిలిచినట్టు ఎక్కడుంది?"

పెర్సిస్ చార్టు వైపు చూసింది. ఎక్కడా లేదు. ఆ మూడు రోజులూ ముగ్గురు నర్సులూ వార్డులోనే ఉన్నట్టుంది. ఆ చార్టు నింపింది కూడా తనే.

లక్ష్మీకాంతం గొంతు తగ్గించింది. ఇద్దర్లో ఒకరు తప్పదు. అనుభవం ఉన్న ఇన్‌చార్జి పోతే నలభై మంచాలు ఎవరు చూస్తారు? నర్సింగ్ కౌన్సిల్‌కు రాస్తే పెర్సిస్‌కు ఇక్కడే కాదు, ఎక్కడా ఉద్యోగం ఉండదు. జెస్సీకి ఇరవై రెండేళ్లు, ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. రేపు ఇంటికొచ్చి ముసలావిడ నోటిమాట రాసుకుంటానని, దాని కింద పెర్సిస్ సంతకం చేస్తే ఈ గొడవ ఇక్కడితో ఆగుతుందని చెప్పింది.

పెర్సిస్ సరేనండి అని బయటికి వచ్చింది. దేనికి సరేనందో మెట్లు దిగేటప్పుడు ఆలోచించింది. తెలియలేదు.

వార్డులో పదకొండో మంచం దగ్గర జెస్సీ ఒక పెద్దాయన్ని పక్కకు తిప్పుతోంది. ఆయన కూతుర్ని అవతలివైపు నిలబెట్టి, దుప్పటి అంచు ఎలా పట్టుకోవాలో చూపించి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి తిప్పింది. వీపు మీద చెయ్యి వేసి చూసింది. ఎముక ఉన్నచోట వేలితో నొక్కి, తీసి, రంగు చూసింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి టైము రాసుకుంది. చూడటం, తేల్చుకోవడం, చేయడం, మళ్లీ చూడటం, అన్నీ అయిపోయాయి. గట్టిగా నాలుగు నిమిషాలు పట్టింది.

జెస్సీది కొల్లేటికోట. కిందటేడు ప్రభుత్వంవాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాక ఆ ఇంట్లో పనంటూ ఉన్నది ఈ పిల్ల ఒక్కదానికే. ఆ ఊరినుంచి నర్సు అయిన మొదటి ఆడపిల్ల అని చర్చిలో దండ వేశారట. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలయింది.

పెర్సిస్‌ని చూసి దగ్గరికి వచ్చింది. అమ్మగారికి ఎలా ఉందని అడిగింది. పుండు అంచులు ఎర్రబడ్డాయా, చీము తగ్గిందా, పాలూ గుడ్డూ తీసుకుంటున్నారా అని వరసగా అడిగింది. పెర్సిస్ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. అధికారికి నివేదిక ఇస్తున్నట్టుగా చెప్పింది.

"సిస్టర్, నేనొక ప్లాన్ రాసి అమ్మగారి ఫైల్లో పెట్టానండి. అది కనపడటం లేదు" అంది జెస్సీ. "ఆపరేషనైన రెండోరోజే రాశానండి. వెనక ఎముక మీద ఎరుపు ఉంది, నొక్కితే తెల్లబడటం లేదు, పుండు పడబోతోంది అని. డాక్టరుగారికి చూపిస్తే, డయాగ్నసిస్ రాయడానికి నువ్వెవరు అన్నారండి. మీకు చెబితే తర్వాత చూద్దామన్నారు. ఇంకెవరికి చెప్పాలో తెలియలేదండి. నేనొక్కదాన్నే తిప్పేదాన్ని, మీరు లోపలికి పిలిచేదాకా."

తప్పు పట్టడానికి అన్న మాటలు కావు. పిల్ల నిజంగానే ఆ కాగితం కోసం వెతుకుతోంది.

పెర్సిస్‌కి ఆ కాగితం గుర్తుంది. అందులో ఏం రాసి ఉందో గుర్తులేదు, ఎందుకంటే చదవలేదు. ఒక రోగి ఫైల్లో రెండు ప్లాన్లు ఉంటే వచ్చినవాళ్లు అడుగుతారని, కొట్టివేతలు ఉన్నది రఫ్ కదా అని, దాన్ని రెండుగా చింపి బుట్టలో వేసి తన ఫెయిర్ కాపీ పెట్టింది. ఆ వార్డులో ఆరు నెలల్లో నిజంగా రాసిన కేర్ ప్లాన్ బహుశా అదొక్కటే.

"మళ్లీ రాసివ్వనా సిస్టర్?"

"వద్దు."

"సరేనండి. సోమవారం నాకు ఏ డ్యూటీ అండీ? చార్టులో నా పేరు లేదు."

తెలియదని చెప్పింది పెర్సిస్. ఒక మనిషి కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పినందుకు సిగ్గు వేస్తుందని ఎదురుచూసింది. ఆటో ఎక్కి, పవర్‌పేట దాటి, ఇల్లు చేరేదాకా ఎదురుచూసింది. చెయ్యి మీద మత్తు సూది పొడిపించుకున్నాక ఆ చెయ్యి తనది కానట్టు ఉంటుందే, అలాగే ఉంది ఒళ్లంతా.

* * *

జాకబ్ సాయంత్రం ఆరున్నరకు వచ్చాడు. తల్లి దగ్గర కాసేపు కూర్చున్నాడు. కాళ్లు కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెర్సిస్ బియ్యం కడుగుతోంది.

"ఒక్కటి అడుగుతాను" అన్నాడు. ఆరు రోజుల తర్వాత ఆమెతో అతనన్న మొదటి మాట. "మా అమ్మని చూసి రాశావా, చూడకుండా రాశావా?"

"చూడకుండా రాశానండీ."

"పక్కనే ఉంది కదా."

"ఇరవై అడుగులు ఉంటుందండీ."

ఆమె బియ్యం నీళ్లు వంపింది. ముందుగదికీ వంటింటికీ మధ్య అడ్డం ఒక్క తెర. అవతల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు.

"రోజుకు రెండుసార్లు వెళ్లి పలకరించేదాన్నండీ. బాగున్నారా అత్తయ్యా అంటే బాగున్నానమ్మా అనేవారు. దుప్పటి ఎత్తి చూడలేదు. కాగితం రాసేటప్పుడు పేరు దగ్గర తెలిసిందండీ, ఇది అత్తయ్యగారిదని. తెలిసి కూడా మిగతా గడులు నింపేశాను. ఎందుకు లేచి వెళ్లి చూడలేదని నన్ను నేనే అడుగుతున్నానండీ. ఏమీ రావడం లేదు."

జాకబ్ తన బడి సంగతి చెప్పాడు. పిల్లలు ప్రయోగం చేయకుండానే సైన్సు రికార్డులో రీడింగులు వేసేస్తారట. ఉపాధ్యాయులందరూ చూసి నవ్వుకుంటారట. తానూ నవ్వేవాడట. ఆ మాట చెప్పి, తానెందుకు చెప్పాడో తెలియనట్టు ఆగిపోయాడు.

రేపు ఆవిడ వస్తే ఏం జరుగుతుందని అడిగాడు. పెర్సిస్ అంతా చెప్పింది. జెస్సీ సంగతి చెప్పింది. చింపిన కాగితం సంగతి కూడా చెప్పింది.

"అంటే, ఆ అమ్మాయి మీద రాస్తే నువ్వుంటావు. లేకపోతే ఆ అమ్మాయి ఉంటుంది."

"అంతేనండీ."

"రాయమని నేను చెప్పలేను పెర్సిస్. వద్దని చెప్పడానికీ నోరు రావడం లేదు."

ఆమెకు అతని మీద జాలి వేసింది. వారం రోజుల్లో ఆమెకు కలిగిన ఒకే ఒక్క భావం అది. అది కూడా ఎసరు మరిగేలోపు చల్లారిపోయింది.

"పెర్సిస్" అని ముందుగదిలోంచి సుగుణ పిలిచింది. వెళ్తే, ఒకసారి తిప్పమ్మా అంది. తిప్పి ఇంకా గంట కూడా కాలేదు. పెర్సిస్ ఆ మాట అనకుండానే తిప్పింది. సుగుణ కోడలి చేతిని తన భుజం మీద అలాగే ఉంచేసుకుని చాలాసేపు వదల్లేదు. గుండుగొలను నుంచి పెర్సిస్ పుట్టింటివాళ్లు సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజున ఆమె కట్నం ఊసెత్తలేదు, రంగు చూడలేదు. పిల్ల నర్సేనా అని ఒక్కటే అడిగింది. మా కోడలు నర్సు, ముసలితనానికి నాకేం భయం అని పదకొండేళ్లుగా చర్చిలో అందరితో అంటూనే ఉంది.

* * *

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. చర్చికి రాలేని పెద్దవాళ్లకు ఆ సాయంత్రం పాస్టరుగారు ఇంటికే వచ్చి ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. బాలస్వామి అయ్యగారు నాలుగింటికల్లా వస్తానని కబురు చేశారు. సుగుణ ఉతికిన తెల్లచీర కప్పించుకుని, తల దువ్వించుకుని పొద్దుటినుంచీ సిద్ధంగా ఉంది. ఆ రొట్టె విషయంలో ఆమెకు పట్టింపు ఎక్కువ. మనిషికి చేసిన తప్పు దిద్దుకోకుండా అది ముట్టకూడదని సండే స్కూలు పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పింది. పొరుగావిడను ఒక మాట తూలినందుకు, వెళ్లి క్షమించమని అడిగేదాకా రెండు నెలలు సంస్కారం మానేసిన మనిషి.

లక్ష్మీకాంతం మూడున్నరకే వచ్చింది. మెట్టెక్కడానికి జాకబ్ చెయ్యి అందించాడు. మంచం పక్కన కుర్చీ వేశారు. పెర్సిస్ మంచం తలాపి దగ్గర, సలోమి కాళ్ల దగ్గర, జాకబ్ కిటికీ దగ్గర నిలబడ్డారు.

ఆవిడ మర్యాదగానే అడిగింది. ఆసుపత్రిలో భోజనం ఎలా ఉండేది, మందులు వేళకు ఇచ్చేవారా, డాక్టరుగారు రోజూ వచ్చేవారా. సుగుణ అన్నిటికీ బాగుండేదండి, ఇచ్చేవారండి, వచ్చేవారండి అని చెప్పింది. లక్ష్మీకాంతం రాసుకుంది.

"జెస్సీ అనే అమ్మాయి వచ్చి మిమ్మల్ని తిప్పేదా అండీ?"

"లేదండీ" అంది సుగుణ. "మా కోడలు వేళ తప్పకుండా చెప్పి పంపేదండి. ఆ పిల్లే వచ్చేది కాదు."

సలోమి తలెత్తింది. వారం కిందట తల్లి తనతో చెప్పిన మాట వేరు. ఆ కొల్లేటి పిల్ల ఒక్కతే వచ్చి తిప్పేదమ్మా, ఆఖరి మూడు రోజులూ అదీ కనపడలేదు, దానికి ఒంట్లో బాగోలేదేమో కనుక్కో అని చెప్పింది. తల్లి నోట అబద్ధం వినడం సలోమికి ఇదే మొదలు. ఏదో అనబోయింది.

"సలోమీ, మంచినీళ్లు తీసుకురామ్మా" అంది సుగుణ.

సలోమి అక్కడే నిలబడింది. అర్జీ పెట్టింది తను. నిజం తేల్చమన్నది తను. ఇప్పుడు ఆ నిజం తన నాలుక మీదే ఉంది. అన్నను చూసింది. జాకబ్ కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డువైపు చూస్తున్నాడు. వదినను చూసింది. వదిన ముఖంలో ఏమీ లేదు. సలోమి మంచినీళ్లకు వెళ్లిపోయింది.

లక్ష్మీకాంతం రాసింది పైకి చదివి వినిపించింది. సుగుణ కలం అందుకుని, పడుకునే, తన గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. లక్ష్మీకాంతం ఆ కాగితాన్ని పెర్సిస్‌కి ఇచ్చి, కింద ఇక్కడ అని వేలు పెట్టి చూపించింది.

పెర్సిస్ చెబుదామనే అనుకుంది. అత్తయ్యగారు చెప్పింది నిజం కాదండీ అనే వాక్యం మొత్తం నోట్లోనే ఉంది. కానీ కాగితం, వేలు, కలం ఆ వరసలో ముందుకొచ్చాయి. మూడు రోజుల్లో కొన్ని వందలసార్లు అదే వరసలో వచ్చాయి. సంతకం అయిపోయి, కలానికి మూత పెడుతున్నప్పుడు గానీ తాను సంతకం చేసినట్టు ఆమెకు తెలియలేదు.

లక్ష్మీకాంతం కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ అమ్మాయిని రేపటినుంచి రావద్దని ఇవాళే ఫోను చేయిస్తానంది. జాగ్రత్తగా చూసుకోండమ్మా అని సుగుణకు నమస్కారం పెట్టి, జాకబ్ చెయ్యి పట్టుకుని మెట్టు దిగింది.

ఆవిడ ఆటో వీధి మలుపు తిరగకముందే బాలస్వామి అయ్యగారు సైకిలు దిగారు. స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, చిన్న గిన్నె, పళ్లెం పెట్టుకున్నారు. ప్రార్థన చేశారు. మంచం చుట్టూ అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. రొట్టె విరిచి సుగుణ మీదికి వంగారు.

"ఈ నెల నాకు వద్దండి అయ్యగారూ."

అయ్యగారికి అర్థం కాలేదు. "గొంతు దిగడం లేదామ్మా? రసంలో ముంచి మెత్తగా చేసి ఇస్తాను."

"దిగుతుందండి" అంది సుగుణ. "వద్దండి."

ఆయన ఆ ఇంటివాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశారు. సలోమి చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని ఉంది. అయ్యగారు బలవంతపెట్టే మనిషి కాదు. పళ్లెం పట్టుకుని పెర్సిస్ వైపు తిరిగారు. అత్తగారి డ్రెస్సింగ్ వల్ల పొద్దున ఆమె చర్చికి రాలేకపోయిందని ఆయనకు తెలుసు. నువ్వు తీసుకుంటావామ్మా అని అడిగారు.

పెర్సిస్ అత్తగారి దిండు సర్దింది.

"మా కోడలికి ఇవ్వండి అయ్యగారూ" అంది సుగుణ కళ్లు మూసుకునే. "దాని తప్పేం లేదు."

అయ్యగారు రొట్టె తుంచి చెయ్యి చాపారు. పెర్సిస్ చేతులు అలవాటు చొప్పున దోసిలి పట్టాయి. రొట్టె ముక్క అరచేతిలో పడింది. అందరూ ఆమెనే చూస్తున్నారు, సుగుణ తప్ప.